సార్‌కి పంపిన పంచె

పప్పు తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. యమున గరిటె వదలకుండానే ఎత్తింది.

"నమస్తే సార్," అన్నాడు ఆమె మొగుడు ధనరాజ్.

తొలిసారి అలా అన్నప్పుడు రాంగ్ నంబరు కొట్టాడనుకుంది. తర్వాత అర్థమైంది, కొట్లో ఎదురుగా బేరం ఉంటే తను సార్ అని. రాజాం మెయిన్ రోడ్డులో వాళ్ళకు పంపుల దుకాణం ఉంది. ధనరాజ్‌కు తెలిసిన శాస్త్రం ఒక్కటే: మోటారు హెచ్‌పి ఎంత ఎక్కువైతే అంత మంచిది. యమున ఫిజిక్స్‌తో డిగ్రీ చేసింది. కంపెనీల వాళ్ళు పడేసిపోయే కేటలాగులన్నీ కూరలు తరుగుతూ చదివింది. దేనికి ఏ పంపు సరిపోతుందో వంటింట్లోంచే చెబుతుంది. కొట్లో మాత్రం, ఆ చెప్పేది విశాఖపట్నంలో ఉండే ఒక పెద్ద ఇంజనీరని ధనరాజ్ నమ్మిస్తాడు. "ఆడమనిషి సెప్పిందంటే ఎవుడు కొంటాడే?" అన్నాడు ధనరాజ్ ఒకసారి. అత్తగారు పార్వతీదేవి ఇంకా తేలిగ్గా తేల్చేసింది: "మొగుడు నిన్ను సార్ అంటన్నాడు. ఇంకేటి కావాలే నీకు?" నిజమే. ఆ మొగుడే గుమ్మంలో చెప్పులు విడవగానే "ఒసే, మంచినీళ్ళు" అంటాడు. కొట్టు నుంచి ఇంటికి వచ్చేలోగా ఆ సార్ ఎక్కడ దిగిపోతాడో యమునకు ఇంతవరకూ అంతుపట్టలేదు. భోగాపురం రొయ్యల హేచరీ వాళ్ళు సార్‌కి ఇమ్మని జరీ పంచె పంపితే, ధనరాజే కట్టుకుని పెళ్ళికి వెళ్ళాడు. ఉతికి ఇస్త్రీ చేసింది మాత్రం సారే.

ఈసారి బేరం రమేష్‌బాబుది. కొత్తవలస దగ్గర బెల్లం పాకం సీసాల్లో నింపే యూనిట్ పెడుతున్నాడు. మూత బిగించిన పాత్రలోంచి గాలి లాగేస్తే చెరకురసం తక్కువ వేడికే మరుగుతుంది, మాడదు. ఆ గాలి లాగే పంపు కావాలి.

"నూనె పంపు ఇచ్చేయమంటారా సార్?"

"వద్దు. లాగేది ఒట్టి గాలి కాదు, ఆవిరి కూడా. అది చేరితే నూనె మజ్జిగైపోతుంది. నీళ్ళతో తిరిగే పంపు ఇవ్వండి."

"అలాగే సార్."

తాలింపు మాడింది.

భోజనానికి వచ్చిన ధనరాజ్ మొహం వేలాడేసుకున్నాడు. "మీ సార్‌ని సూసి గానీ ఆర్డరివ్వనంటన్నాడే. రేపొస్తాడు."

యమునలో ఏదో చిన్నగా లేచి నిలబడింది. మరుక్షణమే కూలబడింది.

"నారాయణమూర్తి మావని కూకోబెడదాం. రిటైరు మనిషి, కళ్ళజోడున్నాది. ఆ పంచె కట్టిద్దాం. నువ్వు నాలుగు ముక్కలు నేర్పీ. రేపు టీ పంపీ."

సాయంత్రం ధనరాజ్ మేనమామ వచ్చి కూర్చున్నాడు. "వాక్యూమ్ అంటే ఏటమ్మా?"

"లోపల ఏమీ లేకపోవడం, బాబాయిగారూ."

"మరింక నేర్చుకోడానికేటున్నాది?" అని పకోడీలు ముందుకు లాక్కున్నాడు.

ఆ పంచెకు మళ్ళీ ఇస్త్రీ చేస్తూ యమున అనుకుంది, రేపు టీ పంపకూడదు, తానే తీసుకెళ్ళాలి.

మర్నాడు ఆమె ఫ్లాస్కుతో కొట్టు మెట్లెక్కేసరికి రమేష్‌బాబు అడుగుతున్నాడు: "ఎండాకాలం మా ట్యాంకు నీళ్ళు కాగిపోతాయి సార్. అప్పుడు మీ నీళ్ళ పంపు పనిసేస్తాదా?"

నారాయణమూర్తి కళ్ళజోడు తీసి జరీ అంచుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఒక్క నిమిషం. ఈయనకన్నా పెద్ద సార్ ఒకాయనున్నారు," అంటూ ధనరాజ్ అలవాటుగా నంబరు కొట్టాడు.

గుమ్మంలో మోగింది. ముగ్గురూ అటు తిరిగారు. కట్ చేసి, ఫ్లాస్కు అక్కడ పెట్టి వెళ్ళిపోవచ్చు. ఇన్నాళ్ళూ చేసిన పని అలాంటిదే. యమున ఫోన్ చెవికి ఆనించింది.

"నమస్తే సార్," ధనరాజ్ నోట అలవాటు కొద్దీ వచ్చేసింది, పెళ్ళాం మొహంలోకి చూస్తూ.

"నమస్తే," అని ఆమె రమేష్‌బాబు వైపు తిరిగింది. "నీళ్ళు కాగితే లాగుడు తగ్గిపోతుందండి. నీళ్ళు చల్లార్చే చిన్న కూలింగ్ టవరొకటి పెట్టుకోండి. పెద్ద మోటారు వల్ల ఏమీ లాభం లేదు."

రమేష్‌బాబు ఆమెను చూశాడు, పంచె కట్టుకున్నాయన్ని చూశాడు, లేచి తన కుర్చీ ఆమెవైపు జరిపాడు.

యమున కూర్చుని, ఫ్లాస్కు మొగుడి చేతిలో పెట్టింది.

"టీ మీరు పొయ్యండి. బాబాయిగారూ, మీద ఒలకనీకండి. ఆ పంచె నాది."