ఎర్ర ప్యాంటుకు వచ్చిన డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. డబ్బాలో ఏమైనా ఉందో లేదో తెలియాలంటే మూత తీయనక్కర్లేదు, వేలితో కొట్టి చూస్తే చాలు. చాలాకాలం నేను ఖంగున మోగాను.

పుట్టింది రేకు నుంచి. కార్ఖానాలో నన్ను నొక్కి, అంచు మడిచి, ముఖం కనిపించేదాకా మెరుగుపెట్టారు. అక్కడి నుంచి తణుకు వచ్చి నాంచారమ్మ బుట్టలో పడ్డాను. ఆమె సరుకు డబ్బుకు ఇవ్వదు. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా!" అని కేకేస్తూ వీధులు తిరుగుతుంది. చిరిగినవి, బిగుతైపోయినవి, తొడుక్కునే మనిషి నిద్రపోతుండగా బయటికి వచ్చినవి, అన్నీ తీసుకుంటుంది.

మంగతాయారు ఇల్లు ఆమెకు బాగా అచ్చొచ్చింది. తాయారు భర్త సత్తిరాజు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఒకప్పుడు ఆ ఇంట్లో ప్యాంట్లు దండిగా ఉండేవట, డబ్బా ఒక్కటీ లేదట. తాయారు ఒక ప్యాంటు ఇచ్చి మొదటి డబ్బా తెచ్చుకుని, పసుపు రాసి, బొట్టు పెట్టి, బియ్యం పోసి దేవుడి ముందు పెట్టింది. రెండోదానిలో కందిపప్పు పోసింది గానీ బొట్టు పెట్టలేదు. మూడోదానిలో చింతపండు. తర్వాతిదానిలో బొత్తాలు. ఆ తర్వాతిదానిలో ఒకే ఒక పిన్నీసు. ఆపైన వచ్చినవాటిని ఒకదానిలో ఒకటి దాచింది. ఇదంతా మొదటి డబ్బా నాకు చెప్పింది. నేనున్నన్నాళ్లూ అది తన బొట్టు మరక మా వైపు తిప్పుకునే కూర్చుంది.

డబ్బాలు పెరిగేకొద్దీ ప్యాంట్లు తగ్గాయి. తగ్గేకొద్దీ సత్తిరాజుకు వాటి మీద ప్రేమ పుట్టింది. బోలెడు ఉన్నప్పుడు ఒకటి మాయమైనా గమనించని మనిషి, రెండే మిగిలేసరికి ఒకటి తొడుక్కుని రెండోది తలకింద పెట్టుకుని పడుకునేవాడు. ఆ తలకిందదీ పోయింది. తొడుక్కున్నది ఉతికి ఆరేసిన రోజున అదీ పోయింది. లుంగీ కట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాడు. ఇక మిగిలింది బ్యాండువాళ్లు ఇచ్చిన ఎర్ర ప్యాంటు. పక్కల బంగారు చారలు.

నేను ఆ ఇంటికి వచ్చింది దాని బదులే.

అది ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. "ఇప్పుడు ఇదెందుకు నాంచారమ్మా, పెట్టెలో ఊరికే పడుంది" అంది తాయారు.

"ఈ రంగు ఎవరు తొడుగుతారండీ? గంగిరెద్దుకేసినా సిగ్గుపడుద్ది. మీ మొహం చూసి తీసుకుంటన్నాను" అంది నాంచారమ్మ.

'అమ్మా, ఆషాఢం తర్వాత శ్రావణం వస్తుంది' అందామనుకున్నాను. డబ్బా మాట ఎవరు వింటారు? తాయారు నన్ను లోపలికి తీసుకెళ్లి మూత తీసింది. నాలో ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతికింది. ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు. చివరికి గాలి పెట్టి మూత బిగించింది.

శ్రావణం వచ్చింది. మొదటి ముహూర్తం రోజు మధ్యాహ్నం సత్తిరాజు క్లారినెట్ తుడిచి, పెట్టె తెరిచాడు.

"తాయారూ, ఎర్ర ప్యాంటేదే?"

"ఎంత మంచి డబ్బా వచ్చిందో చూడండి."

"సాయంత్రం పెళ్లికి డబ్బా తొడుక్కుని వెళ్లమంటావా?"

ఎర్ర ప్యాంటు లేకుండా వచ్చినవాడు మళ్లీ రానక్కర్లేదని బ్యాండు మేస్త్రి ముందే చెప్పాడు. సత్తిరాజు చోటు కోసం ఉండ్రాజవరం నుంచి ఇంకో క్లారినెట్టాయన కాచుకుని ఉన్నాడు. ఆయనకు ప్యాంటు కూడా ఉంది. అంతలో వీధిలో కేక వినిపించింది.

తాయారు పరుగెత్తింది. నాంచారమ్మ వచ్చి అరుగు మీద బుట్ట దించింది. పొద్దుటి నుంచి ఆమెకు ఒక్క గుడ్డ కూడా పడలేదు. వీధి వీధంతా డబ్బాలతో నిండిపోయి ఉంది మరి. బుట్ట దించగానే ఆమె నెత్తిన, బుట్ట ఒత్తుకోకుండా గుడ్డతో చుట్టిన చుట్టకుదురు కనిపించింది. ఎర్రగా ఉంది. దాని చుట్టూ బంగారు చారలు.

"మజ్జిగుంటే పొయ్యండమ్మా, ప్రాణం పోతంది" అంది నాంచారమ్మ.

తాయారు తెచ్చిచ్చింది. మొదటి గ్లాసు ఆమె కళ్లు మూసుకుని తాగింది. ఆ క్షణంలో అడిగి ఉంటే ప్యాంటుతోపాటు బుట్ట కూడా ఇచ్చేసేది. రెండో గ్లాసు తాగి మూతి తుడుచుకుంది. మూడో గ్లాసు వద్దంది. అప్పుడు తాయారు అడిగింది.

"ఆ ప్యాంటు తిరిగిచ్చెయ్యి నాంచారమ్మా. నీ డబ్బా నీకిచ్చేస్తాను."

"నా బుట్టలో ఉన్నయ్యన్నీ ఏంటండీ, బూరెలా?"

తాయారు రెండు డబ్బాలు ఇస్తానంది. నాలుగంది. మాటమాటకూ ఒక్కో డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. నాంచారమ్మ అరుగు చివరికి జరిగింది.

"అయ్ బాబోయ్, ఇంకోటి పెడితే నా మెడ విరుగుద్ది. ఈ కుదురు తీస్తే నెత్తిన ఏం పెట్టుకోనండీ? మెత్తటి గుడ్డ ఇవ్వండి, ఇచ్చేస్తాను."

తాయారు ఇంట్లోకి వెళ్లింది. అన్ని డబ్బాల మూతలూ తీసి చూసింది. ఆ ఇంట్లో మసిగుడ్డ కూడా లేదు. ఒంటి మీది చీర ఒకటి, భర్త నడుముకున్న లుంగీ ఒకటి. ఆమె భర్త వైపు చూసింది. ఆయన తలుపు చాటుకు వెళ్లాడు.

"ముందు ప్యాంటు ఇమ్మను" అంది తలుపు.

"ముందు లుంగీ" అంది అరుగు.

చాలాసేపు అలాగే గడిచింది. పెళ్లివారింటి వైపు డోలు శ్రుతి చేస్తున్న చప్పుడు వినిపించాక తలుపు సందులోంచి లుంగీ వచ్చింది. నాంచారమ్మ దాన్ని చేత్తో నలిపి చూసింది.

"చారలున్న ప్యాంటుకి వెలిసిన లుంగీనా? కొసరు వెయ్యండమ్మా."

"ఏం కావాలి?"

"ఊళ్లో అందరికీ డబ్బాలిస్తన్నాను. దాహమేస్తే నా దగ్గర నీళ్లకి ఒక్కటీ లేదు. అమ్మే సరుకు ఎంగిలి చెయ్యలేను కదా. ఆ చివరి దాంట్లో మజ్జిగ పోసి ఇవ్వండి."

ఆ చివరిది నేనే. నాలో మజ్జిగ పోశారు. పుట్టిన తర్వాత మొదటిసారి చల్లగా, బరువుగా అనిపించింది.

ఎర్ర ప్యాంటు నిండా గుండ్రంగా ముడతలు. అయినా సత్తిరాజు అది తొడుక్కుని పరుగెత్తాడు. తాయారు గుమ్మంలో నిలబడి అరిచింది: "మజ్జిగ ఇచ్చే ముందు బేరం అడగాల్సింది కదండీ! నాకు తట్టలేదు!"

"రేపు నా లుంగీకైనా తట్టించుకో!" అన్నాడు ఆయన వీధి మలుపులోంచి. రాత్రి ఊరేగింపులో ఆయన క్లారినెట్ అరుగుల దాకా వినిపించింది.

మర్నాడు మళ్లీ ఆ వీధికే వెళ్లాం. బయల్దేరేటప్పుడు నేను బుట్టలో నిండా నీళ్లతో ఉన్నాను. పొద్దున కాస్త మజ్జిగ మిగిలితే నాంచారమ్మ అన్నంలో కలుపుకుని తిని, నన్ను కడిగి నింపింది. ఎండలో తిరిగి తిరిగి తాయారు గుమ్మానికి చేరేసరికి నాలో ఒక్క చుక్కా లేదు. తాయారు చేయి వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. చేతిలో గ్లాసు. తలుపు చాటున ఎర్ర ప్యాంటు. పాపం, అందులోనే పడుకున్నట్టున్నాడు.

"ముందు లుంగీ అడుగు, తర్వాతే మజ్జిగ" అని లోపలి నుంచి గొంతు వినిపించింది.

నాంచారమ్మ బుట్ట దించింది. కొంగుతో మెడ తుడుచుకుని, నన్ను తీసి వంచి చూసింది. వేలు తగిలి ఖంగున మోగాను. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు.

తాయారు ఓసారి తలుపు వైపు చూసింది. తర్వాత గ్లాసు ముందుకు చాపింది.

"ముందు తాగు" అంది.

లోపల సత్తిరాజు నెత్తి కొట్టుకున్నాడు. నాంచారమ్మ ఆ చప్పుడు విని నవ్వి, సగం తాగింది. మిగతా సగం నాలో పోసుకుని మూత పెట్టింది.