టేషన్ బండి

పెద్దవాగు ఇసుకలో మా పాత కారు ఆగిపోయేదాకా కార్ల సంగతి నాకు పట్టలేదు. అవి మగవాళ్ల మాటలనుకునేదాన్ని.

ఆ రోజు మా సక్కుకు జ్వరం. ఇంకా మూడేళ్లు నిండని పిల్ల. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల దవాఖానకు తీసుకుపోతున్నాం. వాగు మధ్యలో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. అప్పుడే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. వెనక సీట్లో ఒకవైపు నేను, ఒకవైపు అత్తమ్మ, కాళ్ల దగ్గర తునికాకు సంచులు. పిల్ల కాళ్లు నా ఒళ్లో, తల అత్తమ్మ మోచేతిమీద, నడుము ఎటూ కాకుండా మధ్యలో. చివరికి మావారు కిషన్‌రావు కండువా పరిచి పిల్లను ఎండలో, ఇసుకమీద పడుకోబెట్టారు. డ్రైవరు బాలమల్లు హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. నురుగు తుడవడానికి నాకు చెంగు కొస కూడా దొరకలేదు.

పిల్ల దక్కింది. ఆ దారిన వచ్చిన ఎడ్లబండి మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది, ఒడ్డున లారీ దొరికింది. డాక్టరు చాలా చెప్పాడు. ఆరో తరగతితో బడి మానినదాన్ని, సగం అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం మనసులో నాటుకుంది. జ్వరం వచ్చినప్పుడల్లా ఫిట్స్ రావచ్చు, వచ్చినప్పుడు పక్కకు తిప్పి సాపుగా పడుకోబెట్టాలి, ముద్దచేసి పట్టుకోవద్దు.

సాపుగా. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. అప్పటినుంచి పిల్ల నుదుటిమీద చెయ్యి వెయ్యకుండా గడప దాటింది లేదు. ఆడుకుంటుంటే పిలిచి చూసేదాన్ని. సక్కు నన్ను చూస్తే తానే జుట్టు పైకి తీసి నుదురు చూపించేది.

పాత కారును వచ్చినకాడికి అమ్మేశారు. తునికాకు గుత్త చేసే మనిషికి బండి లేకుండా అడవి పని నడవదు. మావారు, బాలమల్లు కరీంనగర్ పోయి రెండు బండ్లు చూసి వచ్చారు. ఆ సాయంత్రం అరుగుమీద అదే మాట.

"నల్లది ఓ జాగీర్దారుది అవ్వా. తోలు సీట్లు. దాన్ల కూసుంటె ఇజ్జతుంటది," అన్నారు మావారు అత్తమ్మతో. అత్తమ్మ జానకీబాయి ఆకులకు సున్నం రాస్తూ వింటున్నది.

"ఇజ్జత్‌కేం తక్వలేదు పటేలా," అన్నాడు మెట్టుమీద కూర్చున్న బాలమల్లు. "సూస్తె జాగీర్దార్ లెక్కనే ఉంటది. పెట్రోల్ తాగుడు గూడ జాగీర్దార్ లెక్కనే తాగుతది. ఏమన్న ఇరిగితె సామాను బొంబాయికెల్లి రావాలె. అందాక ముంగట ఎడ్లను గట్టి గుంజుడే."

"మరి రెండోది?" అని తలుపు దగ్గరనుంచి అడిగాను.

"అది సూపుకు ఏం లేదు చిన్నమ్మా. ఎండుగడ్డి రంగు. ఓ ఇంజినీరు సాబ్ బదిలీ మీద పోవుకుంట అమ్ముతుండు. కప్పు ఎనుకదాక సాగి ఉంటది. ఒక్క తిప్పుకు లేస్తది, నల్లది తాగెదాన్ల సగం గూడ తాగది. సామాను కరీంనగర్లనే దొర్కుతది. ఎనుక సీటు మడిస్తె మీ సక్కమ్మనే గాదు, నేను గూడ కాళ్లు సాపుకొని పండుకోవచ్చు."

"నువ్వు పండుకుంటె నడిపెటోడెవడురా?" అన్నారు మావారు.

అందరం నవ్వాం. నేను నవ్వుతూనే దేవుడికి మొక్కుకున్నాను. కాళ్లు చాపుకుని పడుకోగల బండి ఈ లోకంలో ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

"దాని పేరేందిరా?" అడిగింది అత్తమ్మ.

"స్టేషన్ వ్యాగన్ అంటరవ్వా. టేషన్ బండి అనుకోరాదు."

అత్తమ్మ చేతిలో ఆకు ఆగింది. సున్నం రాసిన ఆకును మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"వద్దు."

"ఎందుకవ్వా? చవుకల నడుస్తది, పిల్లకు..."

"టేషన్ బండి నా వాకిట్లకు రావద్దు కిషనూ. అది వచ్చిన నాడు నేను హుజూరాబాద్ పోత, మా అన్న దగ్గెరికి." లేచి లోపలికి పోయింది.

మామగారు పోయాక మావారు తల్లి మాటను ఒక్కసారి కూడా దాటలేదు. "నల్లదాన్నే తీస్కుందాం. సంతనాడు బయానా ఇచ్చొస్త," అన్నారు. నల్లకారు వెనక సీటు మన పాత కారంతే ఉంటుందా అని బాలమల్లును అడిగాను. మెత్తగా ఉంటుంది గాని పొడుగు అంతేనన్నాడు.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఉండగా తట్టింది. అత్తమ్మ రైలెక్కి తిరిగిన మనిషి కాదు. ఆమెకు టేషన్ అంటే పోలీసులదే. ఇంత చిన్న పొరపాటుకా అనుకుంటూ, చేతులు కడుక్కుని, ఆమె జొన్నలు చెరుగుతున్న చోటికి పోయాను. పెద్దపల్లిలో మా చిన్నబాపు రైల్వేలో పనిచేస్తాడు. ఆయన చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకున్నాను.

"అత్తమ్మా, అది పోలీసోళ్ల టేషన్ గాదు. రైలు టేషన్. రైలు దిగినోళ్లను పెట్టెబేడతోటి ఇంటికి తెచ్చె బండి. అందుకే దానికా పేరు."

అత్తమ్మ చేట ఆపలేదు.

"మా రామచంద్రాన్ని గూడ రైలెక్కిస్తమనే తీస్కపోయిన్రు బిడ్డా."

రామచంద్రం అత్తమ్మ తమ్ముడు. చిన్నవయసులోనే పోయాడని విన్నాను. ఎట్లా పోయాడో ఈ ఇంట్లో ఎవరూ అనరు.

"నిజాం దిగిపోయిన మరుసటేడు," అన్నది, జొన్నలను చూస్తూనే. "నేను పుట్టింటికి పోయి ఉన్న. మావోడు అడవిల దాగిన సంఘపోళ్లకు సద్ది గట్టిచ్చిండని ఎవడో పోలీసోళ్లకు చెప్పిండు. టేషన్ బండి వచ్చింది. పెద్దపల్లిల రైలెక్కిస్తం, హైద్రాబాద్ల జర మాట్లాడి పంపిస్తరన్నరు. ఎనుకకెల్లి ఎక్కిచ్చి తలుపేసిన్రు. దానికి లోపట పిడి లేదు. అద్దం మీద కొట్టిండు. అక్కా, గొంతెండుతుంది, నీళ్లియ్యి అన్నడు. చెంబు తెచ్చిన. తెచ్చి నిలవడ్డ. బయటకెల్లి తీస్తె వస్తుండెనో ఏమో ఆ తలుపు. తియ్యలే. బండి పోయింది. ఏ రైలెక్కిచ్చిన్రో ఇగ."

చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. రైలు అనకుండా ఉంటే బాగుండేదనుకున్నాను.

మావారికి చెప్పాను. "రామచంద్రం మామ పోయిండని ఎర్క. ఇదంత తెల్వది," అన్నారు. గడ్డిరంగు బండి వద్దని కరీంనగర్‌కు కబురు చెయ్యాలనుకున్నారు. అంతకుముందే బాలమల్లు, అత్తమ్మ కళ్లారా చూస్తే ఒప్పుకుంటుందేమోనని కరీంనగర్ పోయి, నడిపి చూద్దామని అడిగి, దాన్ని తోలుకుని వస్తున్నాడు. సంతకు ముందురోజు పొద్దెక్కాక అది మా ఇంటి ముందు ఆగింది. మావారు ఎదురుపోయి గేటు బయటే, రోడ్డుమీద ఆపించారు.

"అవ్వ అరుగుమీద ఉన్నది. ఒక్కసారి సూసి పంపిద్దాం," అన్నారు నాతో. ఆయన గొంతు వింటే నా కోసమే అన్నట్టుంది.

సక్కును ఎత్తుకుని పోయాను. బాలమల్లు వెనక సీటు మడిచి చూపించాడు. నేను ఎక్కి బొంత పరిచి పిల్లను పడుకోబెట్టాను. తలకింద నా చెయ్యి, కాళ్లు బారుగా, ఇంకా బోలెడు జాగా. పిల్ల నవ్వి బొర్లింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఇది పోతుంది, రేపు నల్లది వస్తుంది.

"తలుపు వేస్తె కాళ్లకు తాకుతదేమో సూడు," అని మావారు వెనక తలుపు మూశారు. తాకలేదు. ఆయన ముందుకుపోయి, ఇంజను నడిపించి, మూత ఎత్తి బాలమల్లుతో మాటల్లో పడ్డారు.

ఎండకు రేకు కాలుతోంది. సక్కు ఏడుపు అందుకుంది. దిగుదామని తలుపుమీద చెయ్యి పెడితే పిడి తగలలేదు. పైన తడిమాను, కింద తడిమాను. నున్నటి రేకు. ముందు సీటు మీదుగా దిగొచ్చన్న సంగతి నాకు తోచనే లేదు. పిల్ల ఒళ్లు వేడెక్కినట్టనిపించి అద్దంమీద అరచేత్తో కొట్టాను. ఇంజను మోతలో మగవాళ్లకు వినపడలేదు.

అద్దంలోంచి అరుగు కనిపిస్తోంది. అత్తమ్మ లేచి నిలబడింది. ఒక చెయ్యి స్తంభంమీద. కదల్లేదు. నేను మళ్లీ కొట్టాను. ఆమెను పిలవాలని కాదు, నాకు భయమేసి.

అప్పుడు అత్తమ్మ పరుగెత్తింది. చెప్పులు లేకుండా, కొంగు జారిపోతుంటే చూసుకోకుండా, గేటు దాటి వచ్చింది. పిడిని రెండు చేతులతో పట్టుకుని గుంజింది. తలుపు ఒక్క గుంజుకే వచ్చింది. అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు కాబోలు, వెనక్కి తూలింది. తర్వాత సక్కును లాక్కుని గుండెకు హత్తుకుంది.

"వచ్చింది బిడ్డా," అన్నది. "బయటకెల్లి తీస్తె వచ్చింది."

ఆమె ఎవరితో అంటున్నదో నాకు తెలిసింది. మావారు పరుగున వచ్చి తల్లి ముందు నిలబడ్డారు. "వాపస్ పంపిస్తున్ననవ్వా. ఇగ దీని మాట లేదు."

అత్తమ్మ రోడ్డుమీదే కూలబడి పిల్ల తడిచెంపలు తుడిచింది. బండి లోపలికి తొంగి చూసింది. నేను పిల్లకోసం పరిచిన బొంత ఇంకా అక్కడే ఉంది.

"దీనికి లోపట గొళ్లెం వెట్టియ్యొచ్చునార బాలమల్లూ?"

"ఎందుకు వెట్టరాదమ్మా? కమ్మరి కొమురెల్లి ఉన్నడు గద."

"వెట్టియ్యి. అటెన్క వాకిట్లకు తే."

ఇంటి తలుపుకు వేసే ఇత్తడి గొళ్లేన్నే కొంచెం వంచి, లోపలినుంచి లాగితే తలుపు తెరుచుకునేలా బిగించాడు కొమురెల్లి. అత్తమ్మ స్వయంగా లోపల కూర్చుంది. కొడుకుతో తలుపు వేయించింది, తాను తీసింది. మళ్లీ వేయించింది, మళ్లీ తీసింది.

"ఇగ చాలమ్మా, గొళ్లెం అరుగుతది," అన్నాడు బాలమల్లు.

"అరగనియ్యి."

వానలు మొదలయ్యాక సక్కుకు మళ్లీ జ్వరం తగిలింది. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. వాగులో ఇంకా మోకాలిలోతు నీళ్లే ఉన్నాయి, ఆగకుండా దాటాం. అవతలి ఒడ్డున ఫిట్స్ వచ్చాయి. పిల్లను పక్కకు తిప్పి బొంతమీద సాపుగా పడుకోబెట్టాను. అత్తమ్మ తల దగ్గర కూర్చుంది. ఒక చెయ్యి పిల్ల వీపుమీద, ఒక చెయ్యి గొళ్లెంమీద. ఈసారి నాకు కొంగు దొరికింది, నురుగు తుడిచాను. బాలమల్లు వెనక్కి తిరగకుండా బండి తోలాడు.

కొంత దూరం పోయాక పిల్ల కళ్లు తెరిచింది. తేరుకుని అటూ ఇటూ చూసి, "నీళ్లు," అన్నది.

అత్తమ్మ కొంగుచాటునుంచి చెంబు తీసింది. అది ఎప్పుడు తెచ్చుకున్నదో నేను చూడనే లేదు. పిల్ల తల లేపి, గుటక గుటకగా తాగించింది. అప్పుడు కూడా రెండో చెయ్యి గొళ్లెం వదల్లేదు.

మంచిర్యాల దవాఖాన ముందు బండి ఆగింది. బాలమల్లు దిగి వెనక్కి వచ్చేలోపే తలుపు లోపలినుంచి తెరుచుకుంది.