గదికన్నా చల్లని చిప్పు

నలభై ఏళ్లు మిల్లులో బాయిలర్ కాశాను. ఏ ఇనుము మీదైనా వేలు పెట్టి ఎన్ని డిగ్రీలో చెప్పేస్తాను. ఒక్క డిగ్రీ తేడా వస్తే మీసం తీయించుకుంటాను. ఇవి కోతలు కావు.

మా అల్లుడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. మధ్యాహ్నాలు అక్కడ నాకో కుర్చీ. ఆ రోజు మా వీధి టీచరమ్మ తన కంప్యూటరు పెట్టె మోసుకొచ్చింది. ఆమె భర్త పోయి ఏడేళ్లు. అప్పటికి ఉయ్యాలలో ఉన్న కూతురి కోసం ఆయన తన గొంతుతో చెప్పి రికార్డు చేసిపెట్టిన కథలు అందులో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. పెట్టె చూస్తే పావుగంట పనిచేసి ఆరిపోతోంది.

"డిస్కు పీకి ఇంకోదాంట్లో పెట్టొచ్చుగా, అల్లుడూ?"

"ఆ డిస్కుని తెరిచే తాళంచెవి ఈ బోర్డులోనే ఉంది మామయ్యా. ఇది బతికుండగానే కథలు బయటికి లాగాలి. ఈసారి ఆగితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు."

కాపీ మొదలుపెట్టాడు. పన్నెండు నిమిషాల పని. తెర మూలన చిప్పు వేడి చూపే అంకె ఇరవై ఒకటి. గోడ మీది థర్మామీటరేమో ముప్పై మూడు అంటోంది.

ఫ్యాను గాలి ఏ వస్తువునైనా గదంత చల్లగా చెయ్యగలదు, గదికన్నా చల్లగా చెయ్యలేదు. ఆ మాత్రం బాయిలర్‌వాడికి తెలుసు.

"గదికన్నా చల్లగా ఉందంటే, మనం కాక ఇంకెవరో వచ్చారన్నమాట," అన్నాను.

టీచరమ్మ నవ్వలేదు. "ఇంట్లోనూ అంతేనండీ. ఆయన కథ పెడితే చాలు, అంకె దిగిపోతుంది."

అల్లుడు చిప్పు చేసిన కంపెనీవాళ్ల కాగితం చూపించాడు. "భయపడకండమ్మా. ఈ చిప్పుకి నూరు డిగ్రీలు హద్దు. ఆ హద్దుకి ఎంత దూరంలో ఉన్నానో అది చెబుతుంది, అంతే. హద్దు దగ్గర చెప్పేది నమ్మొచ్చు, చల్లగా ఉన్నప్పుడు చెప్పేది ఉజ్జాయింపు. వాళ్లే రాసుకున్నారు చూడండి."

అంకె ఇరవైకి దిగింది. తర్వాత పంతొమ్మిది. పని పెరిగేకొద్దీ వేడి పెరగాలి కదా! అల్లుడు కాగితం మడిచేశాడు.

"మామయ్యా, మీ వేలు పెట్టి చూడండి."

చిప్పు మీది లోహపు రెక్కల్ని తాకాను. "కొత్త కుండలా ఉంది. కానివ్వు."

ఇంకా మూడు నిమిషాలుందనగా టీచరమ్మ లేచి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు అక్కడ అరచెయ్యి ఆనించింది. కెవ్వుమంది. అరచెయ్యి ఎర్రగా పొంగింది.

"కాలిపోతోందండీ! కొత్త కుండా మీ తలకాయా!"

అల్లుడు పరుగున పెద్ద ఫ్యాను తెచ్చి పెట్టె మీదికి తిప్పాడు. అంకె పద్దెనిమిది. కాపీ ముగిసిన క్షణాన పద్దెనిమిది కాస్తా నూరైంది. మధ్యలో ఒక్క అంకె కూడా పడలేదు. తెర నల్లబడింది. ఆ పెట్టె మళ్లీ లేవలేదు.

నా వేలి సంగతా? బాయిలర్ తలుపు పట్టుకుని కాల్చుకున్నప్పుడే నా పది వేళ్లకీ స్పర్శ పోయింది. వాటికి నిప్పూ నీళ్లూ ఒకటే. మీసం తీయించుకుందామంటే, అది నాకెప్పుడూ మొలిస్తేగా!

అల్లుడు తన కంప్యూటర్లో మొదటి కథ పెట్టాడు. మగ గొంతు, చెవి పక్కనే ఉన్నట్టు: "చలేస్తోందా బంగారూ? ఉండు, కిటికీ మూస్తా." మా వెనక కిటికీ రెక్క దానంతటదే మూసుకుంది. టీచరమ్మ కాలిన చేతిని స్పీకరు మీద పెట్టి కళ్లు మూసుకుంది. ఆ కొత్త తెర మూలన నలభై ఉన్న అంకె, ఆయన మాట్లాడుతున్నంతసేపూ దిగుతూనే పోయింది. ఇరవై రెండు దాకా చూశాను. ఆ తర్వాత చూడబుద్ధి కాలేదు.

కిటికీ మూసుకోవడం మాత్రం నా కల్పన. ఆ కొట్టుకి కిటికీయే లేదు. మిగతాదంతా జరిగింది.