వెదురు దారిలో అడ్డకర్ర

నేను ఒక అడ్డకర్రను. అడవిలోకి పోయే మట్టిరోడ్డు మీద, చెక్‌పోస్టు దగ్గర అడ్డంగా పడుకుని, బండి వస్తే లేచి నిలబడే పొడుగాటి దుంగను. మీలో కొందరు ఎప్పుడో ఒకప్పుడు నాలాంటి దాని ముందు ఆగి హారను కొట్టే ఉంటారు. తిట్టుకునే ఉంటారు. ఆ తిట్లకి నేనెప్పుడూ బాధపడలేదు. ఎత్తేదీ దించేదీ నేను కాదు కదా.

పుట్టడం మద్దిచెట్టుగా పుట్టాను. గోదావరి పక్క కొండల్లో వేగిసలొద్ది అని చిన్న ఊరుంది. దాని పైవాలులో నిటారుగా పెరిగాను. అదే నా కొంప ముంచింది. చెట్లు కొట్టకుండా కాపలా కాయడానికి గేటు కావాలనీ, గేటుకి తిన్నటి దుంగ కావాలనీ వెతికి, నన్ను కొట్టారు. అందులోని తమాషా అప్పట్లో ఎవరికీ తట్టలేదు. బెరడు చెక్కి, ఎరుపూ తెలుపూ పట్టీలు వేసి, లావుగా ఉన్న చివరకి ఒక బండరాయిని గొలుసుతో కట్టారు. సన్నగా ఉన్న కొసకి తాడు కట్టారు. తాడు వదిలితే రాయి బరువుకి లేస్తాను, లాగి కడితే దిగుతాను. నా ఉద్యోగమంతా అంతే.

నన్ను చాలాకాలం ఎత్తి దించిన మనిషి గార్డు సత్యానందం. కాకినాడ వైపు మనిషి. మంచివాడు. ఊళ్ళో ఎవరికి చలిజ్వరం వచ్చినా తన దగ్గరున్న మాత్రలు ఇచ్చేవాడు. రోడ్డు మీద ఏది పోవాలో ఏది ఆగాలో మాత్రం అతని చేతిలో లేదు. ఆ రోజుల్లో ఈ కొండల మీది వెదురంతా ఒక కాగితాల మిల్లుకి రాసిచ్చారు. నిండుగా వెదురు వేసుకుని లారీలు వచ్చేవి. డ్రైవరు పర్మిట్టు చూపించేవాడు, నేను లేచేదాన్ని. లేచి లేచి గొలుసు దగ్గర నా ఒళ్ళు అరిగిపోయింది.

ఒక మధ్యాహ్నం లారీ వెనకే పల్లాల పండురెడ్డి వచ్చాడు. వేగిసలొద్దిలో బుట్టలూ చాటలూ అల్లడంలో అతనికి మంచి పేరు. భుజం మీద నాలుగు వెదురు బొంగులున్నాయి. పక్కన అతని కూతురు అచ్చియమ్మ. అప్పుడప్పుడే పెళ్ళి మాటలు నడుస్తున్న పిల్ల. లారీ దాటగానే సత్యానందం నన్ను దించేశాడు.

"ఇవి కొండ మీద కొట్టినవేనా పండురెడ్డీ?"

"ఇంకెక్కడివి బాబూ. సంతకి నాలుగు బుట్టలు అల్లుకుందామని."

"అనుమతి లేకుండా కొట్టకూడదని తెలుసు కదా. ఇక్కడ పెట్టెయ్యి. కత్తి కూడా."

పండురెడ్డి లారీ లేపిన దుమ్ము వైపు చూశాడు. "అన్ని వెదుర్లు పోనిచ్చావు. నా నాలుగు బొంగులకే అడ్డం వచ్చిందా?"

సత్యానందం తల తిప్పుకున్నాడు. "రూలు నేను పెట్టింది కాదు, నేను మార్చలేను. ఎక్కడో పైన మారాలి."

పండురెడ్డి బొంగులు నా పక్కనే దించాడు. కత్తిని వాటిమీద మెల్లగా ఆనించాడు. అచ్చియమ్మ మాత్రం వంగి నా కింద నుంచి దాటకుండా రోడ్డు దిగి ముళ్ళపొదల్లోంచి చుట్టూ తిరిగి పోయింది. ఆ తరవాత ఎన్నేళ్ళు ఆ దారిన నడిచినా అలాగే చేసింది. నా కింద తల వంచేది కాదు.

పైన మారడానికి చాలా కాలం పట్టింది. అడవిని నమ్ముకుని బతికేవాళ్ళకి అడవి మీద హక్కు ఉండాలని చట్టం వచ్చింది. చట్టం వచ్చాక అది కొండెక్కి మా దాకా రావడానికి ఇంకా కొన్నేళ్ళు. ఈలోగా మిల్లు గడువు అయిపోయింది, లారీలు ఆగిపోయాయి. అచ్చియమ్మకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. సత్యానందానికి బట్టతల వచ్చింది.

చివరికి ఒక రోజు పెద్ద ఆఫీసరు వచ్చారు. చుట్టుపక్కల చదునుగా ఉన్న చోటు చెక్‌పోస్టు ముందు ఒక్కటే కాబట్టి సభ అక్కడే పెట్టారు. "ఇకనుంచి ఈ కొండల వెదురు మీద హక్కు మీ ఊరిది. కొట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు" అన్నారాయన. చప్పట్లు మోగాయి. "ఏ కొండ ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు వదిలెయ్యాలో కూడా మీ గ్రామసభే నిర్ణయించుకోవాలి" అని కూడా అన్నారు. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఆ పూటే వెదురు కమిటీకి పెద్దగా అచ్చియమ్మని ఎన్నుకున్నారు. సత్యానందం నా తాడు విప్పేసి, పండురెడ్డిని పిలిచి, నన్ను చూపించి, "ఇక దీంతో పని లేదు" అన్నాడు. నేను ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోయాను.

ఆ ఎండాకాలం కొండలన్నీ కత్తుల చప్పుడే. అచ్చియమ్మ తమ్ముడు సోమిరెడ్డి ట్రాక్టరు తెచ్చాడు. మైదానం నుంచి వ్యాపారులు వచ్చారు. చేతికి డబ్బు అందింది, ఇళ్ళకి రేకులు వచ్చాయి. సంతోషమే. కానీ వెదురు పొదలో ముదురు బొంగులు నడిమధ్యన ఉంటాయి. వాటిని తీయాలంటే ముళ్ళల్లో దూరాలి. పొద అంచున ఉండేవి లేతవి, కొత్త మొలకలు లేచేది వాటి వేళ్ళ నుంచే. అవి చెయ్యి చాపితే అందుతాయి. వ్యాపారికి లెక్కే గానీ వయసుతో పనిలేదు. అందరూ అంచున ఉన్నవే కొట్టారు. రెండో ఏడూ అంతే.

మూడో ఏడు తొలకరి పడ్డాక అచ్చియమ్మ కూరకి వెదురు కొమ్ములు, నేలలోంచి లేచే లేత మొలకలు, ఏరుకొస్తానని ఊటకొండ మీదికి పోయింది. ఊరికి దగ్గరి కొండ అదే. సాయంత్రానికి ఖాళీ బుట్టతో దిగింది. నా దగ్గర ఆగి, చాలాసేపు వెనక్కి కొండకేసి చూసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు సత్యానందం.

"కొత్త కొమ్ము లేవలేదు బాబూ. పొదలన్నీ మోళ్ళే. నా చిన్నప్పుడు ఈపాటికి కాలు పెట్టే సందుండేది కాదు."

మర్నాడే ఆమె సభ పిలిచింది. ఊటకొండని కొన్ని వానాకాలాలు ముట్టుకోకుండా వదిలేద్దామనీ, మిగతా కొండల మీద ముదురు బొంగులే తీద్దామనీ చెప్పింది. సభలో గోల పుట్టింది. సోమిరెడ్డి లేచాడు.

"ఇన్నేళ్ళు వాళ్ళు ఆపారు. ఇప్పుడు నువ్వు ఆపుతావా అక్కా? అయ్య చేతిలో కత్తి లాక్కున్నది మర్చిపోయావా?"

అచ్చియమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "మర్చిపోలేదురా. వాళ్ళు ఆపినప్పుడు మన వెదురు మిల్లుకి పోయింది. మనం ఆపుకుంటే మన దగ్గరే ఉంటుంది."

పొద్దు వాలేదాకా వాదులాడుకుని చివరికి సరేనని చేతులెత్తారు. పండురెడ్డీ ఎత్తాడు. సోమిరెడ్డి ఎత్తలేదు. అప్పుడు అచ్చియమ్మ నా దగ్గరికి వచ్చి, మొదటిసారి నా మీద చెయ్యి వేసింది. "దీన్ని మాకిస్తారా బాబూ?" అని అడిగింది. సత్యానందం పై ఆఫీసుకి చెప్పి, పాత సామాను కింద నన్ను ఊరికి ఇప్పించాడు. ఊరు ఊరంతా కలిసి మోసుకుపోయి ఊటకొండ దారి మొదట్లో నిలబెట్టారు. మళ్ళీ రంగు వెయ్యలేదు. అచ్చియమ్మ వద్దంది.

అక్కడ నా ముందు మొదట ఆగిన మనిషి ఎవరనుకుంటున్నారు? పండురెడ్డే. వాన వెలిసిన ఉదయం, భుజాన రెండు బొంగులతో కొండ దిగి వచ్చాడు. ఆ పూట కాపలా వంతు అచ్చియమ్మది. కాస్త దూరంలో ట్రాక్టరు ఆపుకుని సోమిరెడ్డి కూర్చున్నాడు. అక్క తండ్రిని వదిలితే తనూ కొండ మీదికి బండి తోలుకుపోదామని చూస్తున్నాడు.

"ఎత్తు అమ్మీ" అన్నాడు పండురెడ్డి.

"ఊటకొండవి కదా అయ్యా."

"బుట్టకే. అమ్మకానికి కాదు. పక్క కొండ ఎక్కలేకపోతున్నాను."

"సభలో నువ్వూ చెయ్యెత్తావు."

"ఎత్తాను. నా బుట్టకి కూడా అనుకోలేదు."

ఆమె తాడు పట్టుకునే ఉంది. చివరికి పండురెడ్డి బొంగులు దించి నా పక్కన పెట్టాడు. కత్తి మాత్రం నడుముకే ఉంచుకున్నాడు, ఆమె అడగలేదు కూడా. అతను నా కింద నుంచి వంగి దాటి, నెమ్మదిగా ఇంటికి పోయాడు. అచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సోమిరెడ్డి ట్రాక్టరు దిగి వచ్చి, అక్క దగ్గర నిలబడి, ఆ బొంగులు రెండూ తీసి దారి పక్కన పొద దగ్గర పెట్టాడు. తరవాత ట్రాక్టరు వెనక్కి తిప్పుకుపోయాడు.

ఆ వారంలోనే మళ్ళీ సభ కూడింది. ఈసారి మాట ఎత్తింది సోమిరెడ్డి. పైకి ఎక్కలేని ముసలివాళ్ళకీ, బుట్టలల్లేవాళ్ళకీ కుర్రకారు వంతులవారీగా దూరపు కొండల నుంచి ముదురు బొంగులు తెచ్చి ఇవ్వాలన్నాడు. మొదటి వంతు తనదేనన్నాడు. రూలు మారడానికి అంతే పట్టింది. ఒక సాయంత్రం. ఆ సంగతి విని సత్యానందం తనలో తనే నవ్వుకున్నాడని తరవాత ఎవరో అనుకుంటుంటే విన్నాను. అతను ఆ ఏడే రిటైరై కాకినాడ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి నా రాయిని ఒకసారి తట్టి పోయాడు.

వానలు వచ్చాయి, పోయాయి. ఊటకొండ మీద తొలి ఏడు అక్కడక్కడ కొమ్ములు లేచాయి. మరుసటి ఏడు పొదలు కమ్ముకున్నాయి. అటు కొండ ఒళ్ళు నిండుతుంటే ఇటు నా ఒంట్లో చెదలు దూరాయి. ఒక గాలివానకి నేను తిరిగే చీల దగ్గర విరిగి పడిపోయాను. సోమిరెడ్డి నన్ను రెండు ముక్కలు కోయించి, ఊరి వెదురు కొట్టులో నేల మీద పరిచాడు. కొట్టి తెచ్చిన వెదురు మట్టికి తగిలితే పాడవుతుంది. అందుకని నా మీద పేరుస్తారు. బరువు మోయడం కొత్త పని. హాయిగానే ఉంది.

పోయిన ఎండాకాలం ఊటకొండ తెరుద్దామని అనుకున్నారు. ముందు చూద్దామని ఒకే ఒక్క బొంగు కొట్టి తెచ్చారు. పండురెడ్డి చేతికిచ్చారు. ఇప్పుడు అతనికి చూపు తగ్గింది. నా మీద కూర్చుని, బొంగుని వేళ్ళతో తడిమి, కత్తితో చీల్చి, వచ్చిన సన్నటి పేడు ఒకటి వంచి చూశాడు. కొట్టంతా అతని నోటికేసి చూస్తోంది. అచ్చియమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"బాగుంది" అన్నాడు. "ఇంకొక్క వాన తాగనియ్యండి."

అందరికంటే ముందు సోమిరెడ్డి చెయ్యి పైకెత్తాడు.