గుండీలు లేని చొక్కాలు

కత్తెర మాస్టారికి సాక్ష్యం చెప్పడమంటే మహా సరదా. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు ఎవరైనా చెప్పుకుంటారా అని పూర్తిగా అడగక ముందే ఈయన లేచి చొక్కా సర్దుకునేవాడు. ఇంకెవరైనా లేద్దామనుకున్నా మళ్ళీ కూలబడాల్సిందే. పోనీ కొత్త సంగతి చెబుతాడా అంటే అదీ లేదు, వారం వారం అదే కథ. సండే స్కూలు పిల్లలకి కూడా అది కంఠతా వచ్చేసింది.

ఆ కథేమిటంటే, ఆమధ్య ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి కత్తెర పట్టిన చెయ్యి, చెంచా కూడా పట్టలేకపోయింది. ఇంటి ముందుగదే టైలరింగు షాపు. మెషిను మీద గుడ్డ కప్పేసి, దానికి వీపు పెట్టి కూర్చుని రోజంతా ప్రార్థన చేసేవాడు. కొన్నాళ్ళకి వేళ్ళలో కాస్త కదలిక వచ్చింది. సరిగ్గా అప్పుడే గుండీలు ఊడిపోయిన చొక్కాలు ఇంటికి రావడం మొదలైంది. ప్యాంటు లేదు, లంగా లేదు, అన్నీ చొక్కాలే. ఇది దేవుడి పని, కూలి ముట్టుకోనని తీర్మానం చేసుకుని మాస్టారు వాటికి గుండీలు కుట్టాడు. కుట్టగా కుట్టగా వేళ్ళకి పట్టు చిక్కింది. ఇప్పుడు మళ్ళీ కోట్లు కూడా కత్తిరిస్తున్నాడు.

"ఏలీయా ప్రవక్తకి కాకోలాలు, అదే కాకులు, రొట్టె తెచ్చినట్టు నా గడపలోకి దేవుడు చొక్కాలు పంపించాడు. ఏ మనిషి చెయ్యీ నాకు సాయం రాలేదు, అంతా ఆయనే" అని ఆ కుడిచేతిని పైకెత్తి చూపించి కూర్చునేవాడు. అందరూ ఆమెన్ అనేవాళ్ళు. వెనక బెంచీలో కూర్చునే ఆయన కోడలు కూడా అనేది.

ఆ కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. మొగుడు లారీ తోలుతూ నెలలో సగం రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో అత్తగారికి తోడుగా వంట, షాపులో మామగారికి తోడుగా కాజాలు తియ్యడం, హెమ్మింగులు చెయ్యడం, ఇదీ ఆమె రోజు. అలాంటి పిల్ల ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, వెళ్ళకుండా తలుపు పట్టుకుని నిలబడింది. మాస్టారికి వైద్యం జరిగిన ఆసుపత్రిలోనే, చేతులూ కాళ్ళూ పడిపోయినవాళ్ళ చేత వ్యాయామం చేయించడానికి ఒక మనిషి కావాలట. అక్కడి డాక్టరమ్మ ఈమెనే రమ్మని కబురు పెట్టింది. సోమవారం నుంచి వెళ్ళాలి. మామయ్యగారు సరేనంటే వెళ్తానంది.

మాస్టారు టీ ఊదుకుని తాగి, చూద్దాం అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే కుదరదని అర్థం. కోడలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కానీ మాస్టారి కడుపు మండిపోయింది. లోకంలో ఎవరూ దొరకనట్టు ఆ డాక్టరమ్మకి తన కోడలే దొరికిందా? కన్నకూతురిలా చూసుకున్నాడే, చేతిలో పని పెట్టి నేర్పించాడే, కాస్త నేర్చుకోగానే ఎగిరిపోదామనుకుంటుందా? విశ్వాసం లేని కాలమని రెండు పూటలా అన్నం ముందు గొణిగాడు. ఆయన భార్య విని ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే ఏదో ఉందని ఆయనకి అనుమానం రావలసింది, రాలేదు.

ఈలోగా ఆ ఆదివారం వాక్యం చెప్పే వంతు మాస్టారికి వచ్చింది. పాస్టరుగారిది ఒక పద్ధతి. నెలకొకసారి సంఘంలో ఒకరి చేతికి మైకు ఇస్తారు. వాళ్ళకి నచ్చిన భాగం చదువుకోవచ్చు, కానీ ఆ వారంలో ఆ వాక్యం ప్రకారం తామేం చేశారో చెప్పాలి. చదివి ఊరుకున్నవాడికి మైకు లేదు. పోయినసారి కరెంటు పనులు చేసే తమ్ముడు శత్రువుని ప్రేమించమన్న మాట తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి మాటల్లేని పక్కింటివాడి ఇంటికెళ్ళి, అడక్కుండానే వాళ్ళ స్విచ్‌బోర్డు బాగుచేసి, షాకు కొట్టించుకుని మరీ వచ్చాడు. ఆ వాక్యం ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

మాస్టారు ఏరి కోరి పదిమంది కుష్ఠరోగుల కథ తీసుకున్నాడు. ప్రభువు బాగుచేసింది పదిమందిని, వెనక్కి వచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, అదీ ఎవరూ లెక్కచెయ్యని సమరయుడు. మిగతా తొమ్మిదిమంది అజాపజా లేకుండా పోయారు. ఈ కథ ఎవరికి తగలాలో ఆయనకి బాగా తెలుసు. వెనక బెంచీకి తగలాలి. మరి ఈ వారం నువ్వేం చేశావు అంటే? వారం వారం దేవుడికి కృతజ్ఞత చెబుతూనే ఉన్నాడుగా, ఇంకేం చెయ్యాలి!

శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న చర్చిలోకి వెళ్ళి సాధన మొదలుపెట్టాడు. పాస్టరమ్మగారు ఒక చిన్న పని కూడా అప్పజెప్పారు. వెనకగదిలో పంచిపెట్టే బట్టల పెట్టె ఉంటుంది, సంఘంవాళ్ళు ఇచ్చిన పాత బట్టలు అందులో వేస్తారు. ఏడాదికోసారి అవి పంచేముందు చిరుగులేమైనా ఉంటే ఒకసారి చూడమన్నారు. ముందు వాక్యం, తర్వాత బట్టలు అనుకున్నాడు మాస్టారు. ఖాళీ బెంచీలకి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదిమంది దగ్గరికి వచ్చేసరికి కుడిచెయ్యి చాచి, చూపుడువేలు వెనక బెంచీకి గురిపెట్టి, మేలు పొంది మొహం చాటేసేవాళ్ళు ఇవాళ కూడా మన మధ్యే ఉన్నారన్నాడు. బాగా వచ్చింది. ఆ వేలు అలాగే పెట్టి ఇంకోసారి కూడా అన్నాడు.

ఆ ఊపుతోనే పెట్టె మూత తీశాడు. పైనే నీలం చొక్కా ఉంది. పై గుండీ మీద చెయ్యి పడగానే ఆయన వేళ్ళు ఆగిపోయాయి. గుండీ కుట్టాక దాని కింద దారాన్ని మెడలాగా చుట్టి బిగించడం ఆయనకి వాళ్ళ నాన్న నేర్పిన పని, చుట్టుపక్కల ఏ టైలరూ అలా చుట్టడు. ఇది తన కుట్టే. చొక్కా కూడా గుర్తొచ్చింది. చెయ్యి పడిపోయిన రోజుల్లో వచ్చిన మొట్టమొదటి చొక్కా ఇది. దీన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. కస్టమరు చాలా సంతోషించాడని కోడలే వచ్చి చెప్పింది.

కస్టమరు చొక్కా పంచిపెట్టే పెట్టెలో ఎందుకుంది? గుండీ పక్కకి తిప్పి చూశాడు. దాని కింద గుడ్డ సూదిపోట్లతో అరిగిపోయి ఉంది. చిల్లుల్లో నల్లదారం ముక్క ఒకటి, గోధుమరంగుది ఒకటి, తెల్లది ఒకటి ఇరుక్కుపోయి ఉన్నాయి. అంటే కుట్టినదాన్ని తెంపారు, మళ్ళీ కుట్టించారు, మళ్ళీ తెంపారు. ఇంకో చొక్కా తీశాడు, అదీ అంతే. పెట్టె అడుగుదాకా తవ్వాడు. చొక్కాలన్నిటి మీదా తన కుట్టే, వంకరటింకరగా కొన్ని, కాస్త కుదురుగా కొన్ని. ఆ రోజుల్లో ఆయన కళ్ళకి గుండీ తప్ప చొక్కా కనిపించేది కాదు. అవే చొక్కాలు మళ్ళీ మళ్ళీ తన ఒళ్ళోకి వస్తున్నాయని తెలుసుకోలేకపోయాడు.

మిగతావన్నీ మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. తర్వాత నీలం చొక్కా చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. కోడలు బజారుకెళ్ళింది. భార్య వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతోంది. ఆయన చొక్కా ఆవిడ ముందు పరిచాడు. ఆవిడ చూసి, చేతిలో చిక్కుడుకాయ పక్కనపెట్టింది.

"ఇన్నాళ్ళకి కనబడిందా?" అంది.

ఆవిడ చెప్పిందంతా ఆయన నిలబడే విన్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బంతిని ఈయన కిటికీలోంచి విసిరేశాడు, అది ఆయనకీ గుర్తుంది. నేనేమైనా చంటిపిల్లాడినా అని అరిచాడు కూడా. వ్యాయామం అంటే వినడు, కస్టమరు అంటే వింటాడు అనుకుంది కోడలు. పాస్టరమ్మగారికి కూడా చెప్పకుండా పెట్టెలోంచి చొక్కాలు తెచ్చి, గుండీలు తనే తెంపి, కస్టమరు తొందరపడుతున్నాడు మామయ్యా అంటూ ఆయన ముందు పెట్టింది. ఆయన కుట్టి పడుకున్నాక మళ్ళీ తెంపి మళ్ళీ పెట్టింది. ఆ సంగతి డాక్టరమ్మ ఎలాగో తెలుసుకునే ఈ ఉద్యోగానికి పిలిచింది.

"నువ్వైనా చెప్పొచ్చుగా" అన్నాడు మాస్టారు నీరసంగా.

"చెబుతానంటే ఆ పిల్ల ఒట్టు వేయించుకుంది. మామయ్య దేవుడికేగా కృతజ్ఞత చెబుతున్నారు, అందులో తప్పేముంది, ఆయన్ని చిన్నబుచ్చొద్దు అంది. మీరేమో కాకోలాలు, కాకోలాలు అంటూ ఊరంతా చెప్పుకున్నారు. ఆ కాకి ఎవరో ఒక్కసారైనా ఆలోచించారా? రేపు మీరు చెప్పబోయేది ఎవరికో కూడా దానికి తెలుసు. ఉద్యోగానికి రానని సోమవారం చెప్పేస్తుందట."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కోడలు వచ్చాక చెప్పేద్దామనుకున్నాడు. ఆదివారం మైకు పట్టుకుంటే గంట మాట్లాడే మనిషికి, ఇంట్లో ఎదురుగా నిలబడ్డ పిల్లతో ఒక్క మాట పెగల్లేదు. మంచినీళ్ళు అడిగాడు. తెచ్చిచ్చింది. తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. ఆమె మొహం వాడిపోయి ఉంది. అది చూసి ఉన్న ధైర్యం కూడా పోయింది. బైబిలు తెరిచి పది వచనాలైనా లేని ఆ కథనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం మైకు తీసుకునేటప్పుడు ఆయన చేతిలో బైబిలుతోపాటు నీలం చొక్కా కూడా ఉంది. కోడలు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంది. మాస్టారు కథ చదివాడు. చదివాక, నిన్నటిదాకా ఈ కథ ఒకరి మీద విసరడానికి దాచుకున్నానని ఒప్పుకున్నాడు. వెనక్కి వచ్చినవాడు చేసినవి రెండు పనులని చెప్పాడు. గొంతెత్తి దేవుణ్ణి స్తుతించాడు, అది తనకీ బాగా వచ్చు, ఈ గోడలకి కూడా తెలుసు. అందరూ నవ్వారు. కానీ వాడు నడిచి వెనక్కి కూడా వచ్చాడు, తనని బాగుచేసిన ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ నడక తను ఇంతవరకూ నడవలేదన్నాడు.

"ఈ వారం ఈ వాక్యం ప్రకారం నేను చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. అదింకా చెయ్యలేదు. ఇప్పుడు చేస్తాను" అని మైకుతో సహా మెట్లు దిగి బెంచీల మధ్య నడవసాగాడు. సగం దూరంలో మైకు వైరు అయిపోయింది. దాన్ని కరెంటు తమ్ముడి చేతిలో పెట్టి, చొక్కా ఒక్కటే పట్టుకుని వెనకదాకా వెళ్ళాడు. కోడలు కంగారుగా లేచి నిలబడింది. ఆయన నీలం చొక్కా చూపించాడు. ఆమె మొహం తెల్లబోయింది, తప్పయింది మామయ్యా అని గొణిగింది.

"నీది కాదమ్మా, తప్పు నాది" అన్నాడు మాస్టారు. "దేవుడు నా చెయ్యి ఎత్తాడని చెప్పుకున్నానే గానీ, ఎవరి చేత ఎత్తించాడో చూసుకోలేదు. ఏ మనిషీ సాయం రాలేదని నీ ముందే అంటుంటే, నువ్వు ఆమెన్ అన్నావు. నా చెయ్యి నిలబెట్టింది నువ్వేనమ్మా. నీ మేలు చచ్చినా మర్చిపోను. రేపు నువ్వు ఆసుపత్రికి వెళ్ళు, నా కాజాలు నేను తీసుకుంటాను."

చెప్పి రెండు చేతులూ జోడించాడు. కోడలు ఆ చేతులు పట్టుకుని ఆపేసి, వాటి మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. పక్కనే ఉన్న అత్తగారు చూస్తూ తనూ కళ్ళు తుడుచుకుంది. ముందు బెంచీలవాళ్ళకి ఏమీ వినబడక ఏమన్నాడు, ఏమన్నాడు అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. పాస్టరుగారు మాత్రం కుర్చీలోంచి లేచి, ఇవాళ్టికి వాక్యం అయిపోయిందని చెప్పి ప్రార్థన మొదలుపెట్టారు. మాస్టారు ఆ ప్రార్థనలో చాలాసేపు స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నాడు. చెప్పాల్సిన మాట చెప్పేసరికి గుండె మీద బరువు దిగిపోయి, పడిపోయిన చెయ్యి మొదటిసారి లేచిన రోజంత సంతోషంగా ఉందాయనకి.

సోమవారం పొద్దున్నే, డాక్టరమ్మ ఆ కబురుతోపాటే కోడలికి పంపిన తెల్లకోటు మాస్టారి బల్ల మీద ఉంది. నడుం దగ్గర వదులు తీశాడు. పై గుండీ లూజుగా ఉంటే తెంపి మళ్ళీ కుట్టాడు, దారం మెడ చుట్టి బిగించాడు.

"అమ్మాయ్, ఇదొక్కటి మాత్రం తెంపకు" అన్నాడు.

ఆమె నవ్వి కోటు వేసుకుంది. కానీ వెళ్ళకుండా మొన్నటిలాగే తలుపు పట్టుకుని నిలబడింది. ఏమిటన్నాడు. ఆ నీలం చొక్కా ఇస్తారా అని అడిగింది. అక్కడి వార్డులో ఒక వంటమాస్టరు ఉన్నాడని డాక్టరమ్మ చెప్పిందట. చెయ్యి పడిపోయింది, బంతి ఇస్తే నర్సుల మీదకే విసురుతున్నాడట.

చొక్కా బల్ల పక్కన కొక్కానికి తగిలించి ఉంది. దాని బదులు పెట్టెలో వెయ్యడానికి కొత్త చొక్కా ఒకటి అప్పుడే కత్తిరించి పెట్టాడు కూడా. నీలం చొక్కాని మాత్రం దాచుకుందామనుకున్నాడు. దించి ఒళ్ళో పరుచుకుని ఆ వంకర గుండీలని వేలితో తడిమాడు. తర్వాత కత్తెర అందుకున్నాడు. పైనుంచి కిందదాకా తన గుండీలన్నీ తనే కత్తిరించి, ఒక పేలికలో మూటకట్టి, చొక్కాతోపాటు కోడలి చేతిలో పెట్టాడు.

"కస్టమరు తొందరపడుతున్నాడని చెప్పమ్మా ఆయనకి" అన్నాడు.