గుడిసెలో మిగిలిన పిల్ల

పద్మలత చదువు ఎనిమిదితో ఆగింది. అందుకే కూతురు రాజశ్రీకి చెప్పే పాఠం ముందు తను రెండుసార్లు చదువుకుంటుంది. రెండేళ్ల కింద డెంగీతో రాజశ్రీ తొమ్మిది రోజులు దవాఖానలో పడి ఉంది. అప్పటి నుంచి బడి మాన్పించి, కొత్తవాడలోని ఒంటిగదిలోనే చదివిస్తోంది. సూరత్‌లో మరమగ్గం నడిపే భర్త నిన్న ఫోన్లో గట్టిగానే అన్నాడు: "సోమవారం బడిల ఎయ్యకుంటే ఈ ఏడు గూడ పాయె."

జ్వరం భయమని చెప్పింది. పిల్ల పోతే పగలంతా తను ఎవరితో మాట్లాడాలన్నది మాత్రం చెప్పలేదు.

ఇవాళ ప్లేగు పాఠం. ఎలుకలు చచ్చి రాలగానే జనం ఊరు ఖాళీ చేసి చెలకల్లో గుడిసెలు వేసుకునేవారని చదివి, "గదే గత్తర. రాసుకో," అంది.

పక్కింటి ముసలి యాకమ్మ గడపలో నూలు కండెలు చుడుతూ నవ్వింది. "జీతం లేని పంతులమ్మవని ఏదివడితే అది చెప్తానవా? గత్తరంటే వాంతులు, బేదులు. ప్లేగైతే చంకల గడ్డ లేస్తది."

పద్మలతకు తల కొట్టేసినట్టయింది. రాజశ్రీ నోటుబుక్కులో గత్తర అన్న మాట కొట్టేసి, "మళ్ల ఊర్లెకు ఎప్పుడొచ్చిండ్రు అమ్మమ్మా?" అని అడిగింది.

"ఎలుకలు సచ్చుడు ఆగినంక ఇండ్లకు సున్నమేసి, పోచమ్మకు బోనం తీసి, డప్పులతోని ఒక్కనాడే మళ్లిండ్రట. మా అమ్మమ్మ ఒక్కతే మళ్లలే. ఇద్దరు పిల్లలు పోయిరి గదా! మూడో పిల్లను వట్టుకొని నాలుగేండ్లు గుడిసెల్నే ఉన్నది."

"ఆ పిల్ల గూడ చచ్చిపోయిందా?"

"ఏ, ఎనభై ఏండ్లు బతికింది! నన్ను గన్న మా అవ్వే గదనే ఆ పిల్ల. గని మందిల కూసోరాకపోయేది. నా పెండ్లిల గూడ కొట్టంల బర్రె పక్కన కూసున్నది."

"దోస్తులు లేకుండెనా?"

"ఎవలుంటరు బిడ్డా? వాళ్లమ్మనే."

రాజశ్రీ పెన్సిల్ చెక్కుకుంటూ, "నాకు గూడ అమ్మనే," అంది. ఆ మాటలో బాధ లేదు, ఫిర్యాదు లేదు. ఉన్నదేదో చెప్పినట్టు చెప్పింది.

పద్మలత పుస్తకం మూసేసింది. ఆ పూట ఇంక పాఠం సాగలేదు.

సోమవారం కూతురికి పొడుగు చేతుల గౌను తొడిగి బడికి తీసుకెళ్లింది. నీళ్ల సీసా, దోమల క్రీము, ఫోన్ నంబరు అంటూ చెప్పిందే చెబుతుంటే టీచరు ఓపిగ్గా విని, "ఫికర్ చెయ్యకమ్మా, మేం చూస్కుంటం. ఇంక పో," అంది.

పిల్లలంతా వరుసలో నిలబడ్డారు. రాజశ్రీ వరుసకు జానెడు ఎడంగా నిలబడి, తల్లి కోసం వెనక్కి చూడబోయింది. పద్మలత చప్పున గోడ చాటుకు తప్పుకుంది.

ఇంటికి పోబుద్ధి కాలేదు. గోడకానుకుని, లోపలి గోలలో ఒక్క గొంతు కోసం చెవులు రిక్కించింది. అన్ని గొంతులూ ఒక్కలాగే వినిపించాయి.