ముఖం కావాలన్న సార్

జయంతికి కిరణ్ అంటే మొదటి రోజు నుంచే పడదు. పడకపోతే మాత్రం ఏం చేస్తుంది? పుప్పాలగూడ పాత ఊళ్లో ఆమె నడిపే రెండు గదుల టీబీ కేంద్రం ఆ మనిషి సంతకం మీదే బతుకుతోంది. మందులు సర్కారువి. కానీ ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్లను వెతికి పట్టుకోవడం, పరీక్షలు చేయించడం, మందు మధ్యలో మానేయకుండా వెంటపడటం, గుడ్లూ పప్పూ అందించడం, ఈ చాకిరీకంతా మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏటా గ్రాంటు ఇస్తుంది. ఆ కంపెనీ సేవా విభాగానికి కిరణ్ పెద్ద. డబ్బు కంపెనీది, దణ్ణాలు కిరణ్‌కి. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదేనని జయంతి మనసులో కాదు, పైకే అనేది.

ఈసారి గ్రాంటు పొడిగించాలంటే అతనికి ఒక ముఖం కావాలట.

"మీ ఫోటోల్లో అందరూ వెనక్కి తిరిగే ఉంటారేమి మేడమ్? ఒక్కరికీ మొగం లేదే" అన్నాడు, ఆమె పంపిన రిపోర్టును కంప్యూటర్‌లో చూస్తూ.

"టీబీ అని తెలిస్తే పనిలకెల్లి తీసేస్తరు సార్. అందుకే ఎన్కకెల్లి తీస్తం."

"చెప్తాండా గదా, మొగం లేకుంటే మా కంపెనీ బోర్డు నమ్మదు. ఎవరినో నిలబెట్టి తీసినారంటుంది. రోగాన్ని గెలిచిన మనిషి ఒక్కరు చాలు, నవ్వతా ఉండాల."

జయంతికి ఒళ్లు మండింది. ఆ మంట మీద అతను టిఫిన్ డబ్బా మూత తీసి ముందుకు తోశాడు. "తినండి మేడమ్, బొరుగుల ఉగ్గాణి. మా అమ్మ చేసింది. మా అనంతపురం రుచి ఇక్కడ యాడా దొరకదు." మర్యాదకి ఒక చెంచా తిన్నది. నిజంగానే బాగుంది. బాగుండటంతో కోపం ఇంకాస్త పెరిగింది.

ముఖం కోసం జయంతి ఎవరినీ అడగలేదు. కేంద్రంలో నోరు జారి ఆ సంగతి తిట్టుకుంటుంటే కిష్టమ్మ విన్నది. కిష్టమ్మ పుప్పాలగూడలోనే కిరాయి గదిలో ఉంటుంది, తెల్లాపూర్‌లో గేటూ గోడా ఉన్న పెద్ద అపార్టుమెంట్లలో వంటలు చేస్తుంది. టీబీ వచ్చినప్పుడు ఊరికి పోతున్నానని చెప్పి పని మానేసింది. మందు పట్టి, ఇక ఎవరికీ అంటదని డాక్టర్ చెప్పాకే మళ్లీ గరిటె పట్టింది. ఇప్పుడు మందుల కోర్సు కూడా అయిపోయింది, మనిషి గట్టిపడింది.

"నేను దిగుత తియ్ అక్కా. రోగం పోయినంక సిగ్గేంది?" అన్నది.

"నీ ఇండ్లల్ల తెలిస్తే?"

"ఏం ఫికర్ లేదు. గా సారే అచ్చి తీపిస్తడా? అయితే ఇంక మంచిదే."

కిరణ్ కెమెరా అతన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. రిపోర్టులో తప్ప ఇంకెక్కడా ఈ ఫోటో కనపడకూడదని జయంతి షరతు పెట్టింది. అలాగే అన్నాడు. కిష్టమ్మ కొత్త చీర కట్టుకొని, అతని వైపే చూస్తూ, సొంత మనిషిని చూసినట్టు నవ్వింది. ఆ నవ్వు చూసి కిరణ్ "సూపర్" అన్నాడు.

షరతు గాలికి పోయింది. గేటు దాటగానే మాట మరిచేవాళ్లకు షరతులెందుకు? ఆ ఫోటోను మనిషెత్తు బొమ్మగా కోయించి, మాదాపూర్ ఆఫీసులో లిఫ్టుల పక్కన నిలబెట్టారు. కింద పెద్ద అక్షరాలు: టీబీని గెలిచిన కిష్టమ్మ. ఆ ఆఫీసులో పనిచేసే ఒకావిడ తెల్లాపూర్‌లో కాపురం. వచ్చేపోయేటప్పుడు బొమ్మను చూసింది, తన ఫోన్లో ఫోటో తీసింది, వాళ్ల అపార్టుమెంట్ల గ్రూపులో పెట్టింది. మన దగ్గర వంట చేసేది ఈమే కదా అని అడిగింది. అంతే, మర్నాడు పొద్దున కిష్టమ్మ గేటు దగ్గరికి పోయేసరికి వాచ్‌మన్ ఫోన్లో ఆమె పేరు మీద ఎర్రగీత.

"నీ పేరు బంద్ చేసిన్రక్కా. లోపలికి ఇడిస్తే నా కొలువు పోతది" అన్నాడు వాచ్‌మన్, పాపం, నేల చూపులు చూస్తూ.

ఈ మాట విన్న జయంతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడ్వాల్సిన కిష్టమ్మ మాత్రం ఏడ్వలేదు. ఆమెకు ఎటూ పాలుపోనట్టుంది.

"సార్ ఒక్క మాట జెప్తే అయిపోతది గదక్కా. సార్‌కు ఎర్కనే గద."

"ఏ సార్‌కు?"

"కిరణ్ సార్‌కు. నేను వండేది ఆయన ఇంట్లనే. కమలమ్మ కొడుకు గాయన."

జయంతి కుర్చీలో వెనక్కి వాలింది. "మరి ఫోటో దిగిననాడు ఎందుకు చెప్పలేదే?"

"చెప్పుడేంది? ఆయనకు నేను తెల్వదా? మా సారే అడుగుతుండు, మా సారే తీపిస్తుండు, ఇగ నా పనికి ఢోకా లేదనుకున్న. గందుకే దిగిన."

ఇదీ కిష్టమ్మ చేసిన తప్పు. తాను వండింది రోజూ తినే మనిషికి తన ముఖం తెలిసే ఉంటుందనుకుంది. కమలమ్మకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేదు. అయినా కొడుకు ముందు వంట తనదే అని చెప్పుకోవడం ఆ తల్లికి ముచ్చట. ఉగ్గాణి ఎలా చేయాలో పక్కన కూర్చొని నేర్పింది, చేసేది కిష్టమ్మ. కిరణ్ ఫోన్ చూసుకుంటూ వంటింటి గుమ్మం దాకా వస్తాడు, డబ్బా అందుకుంటాడు, పోతాడు. పొయ్యి ముందు నిలబడ్డ ఆడమనిషి వీపు తప్ప అతను ఏనాడూ ఏమీ చూసి ఎరగడు.

మర్నాడే జయంతి కిష్టమ్మను తీసుకొని మాదాపూర్ ఆఫీసుకు పోయింది. లిఫ్టుల పక్కన బొమ్మ నవ్వుతూనే ఉంది. కిరణ్ కిందికి దిగి వచ్చాడు.

"ఓ, మా స్టార్ వచ్చినాదే" అన్నాడు.

"స్టార్‌ను గేటు కాడ ఆపిన్రు సార్. మీరుండే తెల్లాపూర్‌లనే" అంది జయంతి.

"తెలుసు మేడమ్. గ్రూపులో ఓటింగు పెట్టినారు."

"మీరేం ఓటేసిన్రు?"

కిరణ్ చేతిలోని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. "అందరితో పాటే. ముసలోళ్లుంటారు, పిల్లోళ్లుంటారు. పక్కింటోళ్లతో తగువెందుకు మేడమ్?"

"రోగం పోయిందని గీ బొమ్మ మీద రాసింది మీరే గద."

"అది వేరే మేడమ్."

ఆ రెండు ముక్కలకు జయంతి చెయ్యి ఎత్తేదే, కిష్టమ్మ అడ్డం వచ్చింది. "సార్, అమ్మ మోకాళ్లకు నూనె ఎవలు రాస్తున్నరు? మీ డబ్బాల ఉగ్గాణి ఎవలు పెడ్తున్నరు?"

"మా అమ్మ సంగతి నీకెట్ల తెలుసు?"

"మీ ఇంట్ల వండేది నేనే సార్."

కిరణ్ ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, గట్టిగా మాట్లాడొద్దు. రేపట్నుంచి వెనక గేటు నుంచి రా. వాచ్‌మన్‌కు నేను చెప్తా. మా ఒక్క ఇంటికే."

"ఎన్క గేటు నాకొద్దు సార్." కిష్టమ్మ గొంతు మాత్రం తగ్గలేదు. "ఒక్క ఇంటితోని నా కిరాయి ఎల్లదు. రేపు పొద్దుగాల ముందల గేటు కాడికి రాండ్రి. ఈమె మా ఇంట్ల వండే మనిషి, ఈమెకు రోగం లేదని అందరి ముంగట ఒక్క మాట జెప్పి నన్ను తోల్కపోండ్రి. మీరు ముఖం సూపియ్యమంటె నేను సూపిచ్చిన. ఇప్పుడు మీరు సూపియ్యుండ్రి."

"వస్తాలే" అన్నాడు కిరణ్, లిఫ్టు వైపు నడుస్తూ.

వచ్చాడు కూడా. అబద్ధం ఎందుకు, పొద్దున్నే గేటు దాకా వచ్చాడు. జయంతి, కిష్టమ్మ గేటు బయట నిలబడి ఉన్నారు. లోపల నడకకు వచ్చిన పెద్దమనుషులు గుంపుగా నిలబడ్డారు. రోగం పోయిందని డాక్టర్ ఇచ్చిన కాగితాన్ని వాళ్లు అప్పటికే చదివి, రూల్ రూలే అని జయంతికి తిరిగిచ్చారు. గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలేది.

"ఏం కిరణ్ గారూ, ఈమె మీ ఇంట్లో చేస్తుందటగా? నిజమేనా అండీ?" అని ఒక పెద్దాయన అడిగాడు.

కిష్టమ్మ కిరణ్ వైపే చూస్తూ నవ్వింది. ఫోటో దిగిన రోజు నవ్విన నవ్వే అది. కిరణ్ ఆమెను చూశాడు. పెద్దమనుషులను చూశాడు.

"ఏమో అండీ, ఇంటి సంగతులు మా అమ్మ చూసుకుంటాది. నేను వాకింగుకొచ్చినా" అన్నాడు. వెనక్కి తిరిగాడు. జయంతి ఫోన్ తీసి, గేటు ఊచల మధ్య నుంచి, అతను పోతుండగా ఒక ఫోటో తీసుకుంది.

కిష్టమ్మకు తెల్లాపూర్‌లో పని ఆ పొద్దుతో పోయింది. ఇద్దరూ పుప్పాలగూడకు వచ్చి కేంద్రంలో కూర్చున్నారు. సాయంత్రానికి కిరణ్ నుంచి మెయిల్ వచ్చింది. గ్రాంటు పొడిగించారట, అభినందనలట. వచ్చే ఏటి రిపోర్టుకు మొదటి కథ, ఫోటోతో సహా వెంటనే పంపాలట, ఛైర్మన్ గారు స్వయంగా చూస్తారట.

సిగ్గు లేని జన్మ, అని జయంతి పళ్లు కొరికింది. ఛైర్మన్‌కు కూడా చేరేలా జవాబు రాసింది. తన ఇంటి వంటమనిషిని ఎవరో తెలియదని గేటు దగ్గర వదిలి పోతున్న మీ సేవా విభాగం పెద్ద, అని ఒక్క వాక్యం. కింద పొద్దున తీసిన ఫోటో పెట్టింది. ఇది పంపితే గ్రాంటు ఉంటుందో పోతుందో, పోతే మందు మింగుతున్నవాళ్ల వెంట ఎవరు పడతారో అని వేలు ఆగింది.

కిష్టమ్మ పక్కనుంచి వంగి, ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

"అక్కా, గిందుల సార్ ముఖం కనబడ్తలేదు. గా బోర్డోళ్లు నమ్ముతరా మరి?"

జయంతి పంపేసింది.